మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఉద్యోగ చరిత్ర

ఈ యుగాది సంచిక చేరే మన సభ్యుల యిండ్లలో ఉద్యోగం మాట వినపడని యిల్లు ఉండదు. మన తాతముత్తాతలు కొందరు సేద్యానికి, కొందరు నేతకు, కొందరు వర్తకానికి, కొందరు కొలువుకు సొంత సీమ విడిచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇప్పుడు మన పిల్లలలో చాలమంది చూపు సర్కారు కొలువు మీదనే ఉన్నది. ఉద్యోగం ఎట్లా దొరుకుతుందన్న మాట ప్రతి యింటా నడుస్తున్నది. దొరికిన పిదప ఏమి నేర్చుకోవాలి, నేర్చినందువల్ల పనికేమి లాభం, పనివానికేమి లాభం అన్న మాట మాత్రం తక్కువగా వినబడుతున్నది.

అందుచేత ఈ సంచికకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి చరిత్రను ఎన్నుకొన్నాము. వారిని ఇంజనీరుగా అందరూ ఎరుగుదురు. వారు పుట్టిన సెప్టెంబరు 15వ తేదీని దేశమంతటా ఇంజనీర్ల దినంగా జరుపుకొంటారు. మేము ఇంజనీర్లము కాము, రైల్వే గుమాస్తాలము. ఆనకట్ట ఎందువల్ల నిలుస్తుందో లెక్క కట్టి చెప్పగల చదువు మాకు లేదు. కాని సర్వీసు రిజిస్టరు అంటే ఏమిటో, ప్రమోషను జాబితాలో పేరు వెదుక్కోవడం అంటే ఏమిటో మాకు బాగా తెలుసు. ఆ కంటితోనే వారి జీవితాన్ని చూడబోతున్నాము.

విశ్వేశ్వరయ్య గారి పూర్వులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామస్థులు. కొన్ని తరాల క్రిందట మైసూరు సీమకు వలస వచ్చారు. ఊరు విడిచినా ఊరి పేరును యింటి పేరుగా వెంట తెచ్చుకొన్నారు; ఇంటి భాషగా తెలుగును నిలుపుకొన్నారు. వారు 1861వ సంవత్సరంలో చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు; తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. ఇంట విద్యకు కొదువ లేదు గాని ధనానికి కొదువే. పిల్లవానికి పదిహేనేళ్ళ ప్రాయంలోనే తండ్రి గతించారు.

బెంగుళూరు వచ్చి చదువుకొనడానికి ఆ బాలునికి ఆధారం ట్యూషన్లే. ఒక కొడగు కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెబుతూ తమ చదువు తాము సాగించుకొన్నారు. సెంట్రల్ కాలేజీలో బి.ఏ. పూర్తి చేశారు. ఇంజనీరింగు చదవాలంటే ఆనాటి మైసూరు సంస్థానంలో కాలేజీ లేదు. సంస్థానం వారు విద్యార్థి వేతనం యిచ్చి పూనాలోని సైన్సు కాలేజీకి పంపారు. 1883లో ఆ పరీక్షలో బొంబాయి రాజధాని మొత్తానికి ప్రథములుగా నెగ్గారు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నాసిక్ జిల్లాలో కొలువు కుదిరింది. ఇంతవరకు కథ కష్టపడి చదివిన పేద విద్యార్థి కథ. ఇటువంటి కథలు మన సంఘంలోనూ ఉన్నవి. ఆ తరువాతి కథే మేము ముఖ్యంగా చెప్పదలచినది.

కాలేజీలో మొదటి తరగతిలో నెగ్గినవాడు ఉద్యోగంలో మొదటి రోజునే పనిమంతుడు కాడు. ఖాందేశ్ జిల్లాలో ఒక నదికి అడ్డంగా నీటి గొట్టాల పని వారికి అప్పగించినప్పుడు వానకాలం ముంచుకొచ్చింది. వానలు తగ్గేదాకా పని ఆపుదామని ఆ యువ ఇంజనీరు పై అధికారికి వ్రాశారు. పై అధికారికి ఆ మాట నచ్చలేదు. విశ్వేశ్వరయ్య గారు అలిగి కూర్చోలేదు. వరదలో ఇసుక మేట వేస్తుంటే తీయించుకొంటూ మళ్ళీ పనికి పూనుకొని పూర్తి చేశారు. పుస్తకంలో లేనిది ఏరు నేర్పింది. ఉద్యోగి చదువు కొలువులో చేరిన నాటితో ముగియదని, నిజానికి ఆనాడే మొదలవుతుందని ఈ చిన్న సంగతి చెబుతున్నది.

ఆనాటి శాఖలో చేరినవారు ప్రమోషను కోరితే వృత్తి పరీక్షతో బాటు దేశభాషా పరీక్ష కూడా నెగ్గవలసి ఉండేది. విశ్వేశ్వరయ్య గారు మరాఠీ పరీక్షకు కూర్చొని నెగ్గారు. ఇంట తెలుగు, వీధిలో కన్నడం, తండ్రి వద్ద సంస్కృతం, బడిలో ఇంగ్లీషు, కొలువులో మరాఠీ! మన పిల్లలకు ఇన్ని భాషలు భారమని మనలో కొందరు తలిదండ్రులు బెంగపడతారు. వలస వచ్చిన కుటుంబానికి అది భారం కాదు, పెట్టుబడి. కాలువ కింది రైతుతో అతని భాషలో మాటాడలేని ఇంజనీరు కాలువ త్రవ్వగలడేమో గాని, ఆ నీటిని తగవు లేకుండా పంచలేడు.

నీటిని పంచే పని కూడా వారికి వచ్చింది. పూనా ప్రాంతంలోని కాలువల కింద నీరు కొందరికి ఎక్కువై, కొందరికి అందక పోతుండేది. పైనున్న పొలాలవారు చెరకుకు విచ్చలవిడిగా నీరు పెట్టుకొనేవారు. 1899 తరువాత వారు భూములను దిమ్మలుగా విభజించి, పంటలు మార్చి వేసుకొనేట్లు, నీరు వంతుల వారీగా అందేట్లు ఒక పద్ధతి ఏర్పరచారు. రైతులు మొదట ఎదురు తిరిగారు, పత్రికలు విమర్శించాయి. వారు రైతులను సమావేశపరచి, కూర్చోబెట్టి, లెక్కలు విప్పి చెప్పి ఒప్పించారు. మరాఠీ పరీక్ష ఫలం అక్కడ కనబడింది.

అంతకు ముందే, 1895లో, సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి మంచినీరు ఏర్పాటు చేశారు. ఆ నది నీరు ఎప్పుడూ బురద. నీరు వడపోయడానికి తొట్లు కట్టాలంటే పట్టణం వద్ద ధనం లేదు. అప్పుడు వారు నది గర్భంలోనే బావి త్రవ్వించి, ఇసుక పొరల గుండా నీరు ఊరి వచ్చేట్లు చేశారు. నది ఇసుకే జల్లెడ అయింది. ధనం లేనిచోట తెలివి పని చేసింది.

పూనా దగ్గరి ఖడక్‌వాస్లా ఆనకట్ట మీద వారు అమర్చిన తలుపుల సంగతి మరీ విచిత్రం. వరద నీరు అదనంగా వచ్చి వృథాగా పొర్లిపోతుండేది. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే, నీరు ఒక మట్టానికి వచ్చేదాకా మూసి ఉండి, ఆ మట్టం దాటగానే తమంతట తామే తెరుచుకొనే తలుపులను వారు కనిపెట్టారు. దానికి పేటెంటు వచ్చింది. కాని కొలువులో ఉండి కనిపెట్టిన దానికి విడిగా ప్రతిఫలం పుచ్చుకొనడం తగదని, ఆ రొక్కం వద్దన్నారు. అటువంటి తలుపులే తరువాత గ్వాలియరులోను, మైసూరులోను అమర్చబడ్డాయి.

1898లో వారు సెలవు పెట్టి చైనా, జపాను దేశాలు చూచి వచ్చారు. సెలవు వస్తే మనం ఊరికి పోతాము, పెండ్లిండ్లకు పోతాము, తప్పు లేదు. వారు ఆ సెలవులో బడులను, కర్మాగారాలను చూచారు. జపాను వంటి దేశం కొద్ది కాలంలో ఎట్లా పైకి వచ్చిందన్న ప్రశ్న వెంట తెచ్చుకొన్నారు. మనిషికి పనితనం నేర్పడమే దేశానికి మూలధనమన్న తలపు వారిలో అక్కడ నాటుకొన్నది. దాని పంట ఇరవై ఏళ్ళకు మైసూరులో కోతకు వచ్చింది.

ఇట్లా ప్రతి బదిలీలోను ఒక కొత్త విద్య, ప్రతి విద్యతోను ఒక పెద్ద పని. ఉద్యోగి నేర్చుకొన్న కొద్దీ పని బాగుపడుతుంది. పని బాగుపడిన కొద్దీ ఇంకా పెద్ద పని వస్తుంది. పెద్ద పని ఇంకా నేర్పుతుంది. ఈ చక్రం ఆగకుండా తిరగాలంటే ఒకటి అవసరం. నేర్చినవానికి ఎక్కడానికి పైన ఒక మెట్టు ఉండాలి.

బొంబాయి ప్రభుత్వం వారు ఈ విషయంలో కొంతవరకు ఉదారంగానే నడిచారు. వారి పనితనం చూచి, వారికన్న సీనియర్లయిన పలువురిని దాటించి వారిని పైకి తెచ్చారు. శానిటరీ ఇంజనీరు పదవి యిచ్చారు. 1906లో ఏడెన్ రేవు పట్టణానికి పంపి, అక్కడి నీటి సరఫరాకు, మురుగు పారుదలకు పథకం వేయించుకొన్నారు. అయితే వారు దాటిపోయిన సీనియర్లకు కష్టం తోచింది. అన్నిటి కన్న పైది చీఫ్ ఇంజనీరు పదవి. ఆ రోజులలో ఆ కుర్చీ దొరలకే గాని మనవారికి దక్కేది కాదు. ఎంత నేర్చినా, ఎంత చేసినా, ఆ చివరి మెట్టు తమకు లేదని విశ్వేశ్వరయ్య గారు గ్రహించారు. 1908లో, యాభై ఏళ్ళు నిండకుండానే, కొలువు వదులుకొన్నారు. పూర్తి పింఛనుకు కావలసిన సర్వీసు నిండకపోయినా ప్రభుత్వం వారు ప్రత్యేకంగా పింఛను మంజూరు చేశారు.

ఇక్కడ చదువరులు ఒక్క క్షణం ఆగి ఆలోచించవలెను. పింఛను యిచ్చినవారు పదవి యివ్వలేకపోయారు. మనిషి విలువ తెలియక కాదు, తెలిసే పంపివేశారు. ఇరవై నాలుగేళ్ళు ప్రభుత్వపు ఖర్చుతో, ప్రభుత్వపు పనుల మీద పదునెక్కిన తెలివి ఒక్క రోజులో ఆ ప్రభుత్వం చేయి జారిపోయింది. జాబితాలో మెట్టు మూసివేసినప్పుడు నష్టపడేది ఉద్యోగి ఒక్కడే అని అనుకొంటాము. ఈ కథలో ఉద్యోగి నష్టపడలేదు. నష్టపడింది ఆఫీసే.

ఎందుకంటే, వారు పరదేశాలలో తిరుగుతుండగానే హైదరాబాదు నుండి పిలుపు వచ్చింది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. వేలాది ప్రాణాలు పోయాయి. ఈనాటికీ ఆ నగరపు పాత కుటుంబాలలో ఆ వరద కథ చెప్పుకొంటారు. నిజాము ప్రభుత్వం వారు విశ్వేశ్వరయ్య గారిని రప్పించి, ఇటువంటిది మళ్ళీ రాకుండా ఉపాయం చెప్పమన్నారు. 1909లో వారు వచ్చి, ఆ నదికి నీరు చేర్చే భూభాగాన్నంతా పరిశీలించారు. ఆ భూభాగంలో 788 చెరువులు ఉన్నవనీ, వాటిలో 221 తెగి నది మీద పడ్డవనీ తేల్చారు. నగరానికి ఎగువన, మూసీ మీద ఒకటి, దాని ఉపనది అయిన ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టి వరదను పట్టి ఆపవలెనని చెప్పారు. అవే తరువాత వచ్చిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తి అయ్యాయి. వరద ఆపడానికి కట్టినవి నగరానికి మంచినీరు కూడా యిచ్చాయి. బొంబాయి ఖర్చుతో పెరిగిన పనితనం తెలుగు గడ్డకు అట్లా అందివచ్చింది.

అదే ఏడు నవంబరులో పుట్టిన సీమ మైసూరు వారిని చీఫ్ ఇంజనీరుగా పిలిచింది. బొంబాయిలో లేదన్న మెట్టు ఇక్కడ దొరికింది. అయినా వారు వెంటనే ఒప్పుకోలేదు. రోజువారీ ఫైళ్ళు చూచుకొనే కొలువు తమకు వద్దని, పరిశ్రమలకు, పనితనం నేర్పే విద్యకు సంస్థానం పూనుకొంటుందా అని ముందుగా అడిగి, అనుకూలమైన సమాధానం వచ్చిన తరువాతనే వచ్చారు. రైల్వేల కార్యదర్శిత్వం కూడా వారికే ఉండేది. మైసూరు – అర్సికెరె రైలు మార్గం ఆ కాలపు పనే. రైల్వే మనుషులము గనుక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాము.

కావేరి మీద కృష్ణరాజసాగరం పని 1911లో మొదలయింది. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం వారి ఆక్షేపణ వల్ల మొదట తక్కువ ఎత్తు వరకే అనుమతి దొరికింది. విశ్వేశ్వరయ్య గారు పునాదిని మాత్రం పూర్తి ఎత్తుకు తగ్గట్టుగా వెడల్పుగా వేయించారు. నేడు అనుమతి లేకపోయినా రేపు వస్తుందని నమ్మి పునాది వేయడం సామాన్యమైన ధైర్యం కాదు. 1924లో రెండు ప్రభుత్వాలకు ఒడంబడిక కుదిరింది. ఆనకట్ట పూర్తి ఎత్తుకు లేచింది.

1912లో మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు వారు ఆయనను దివానుగా నియమించారు. పదవి స్వీకరించే ముందు బంధువులను పిలిచి, ఎవరూ తమకు సిఫారసులు తేరాదని మాట తీసికొన్నారని చెప్పుకొంటారు. అప్పటిదాకా తాము ఎక్కిన మెట్లు. ఇప్పుడు ఇతరుల కోసం కట్టవలసిన మెట్లు. దివానుగా వారు చేసిన పనులలో ఈ భాగమే మాకు అన్నిటికన్న ముఖ్యంగా తోస్తున్నది.

1913లో హెబ్బాళ్‌లో వ్యవసాయ పాఠశాల, అదే ఏడు మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీ వచ్చాయి. ఆ బ్యాంకు 2017లో భారతీయ స్టేటు బ్యాంకులో కలిసిపోయింది గాని, కాలేజీ వారి పేరుతోనే నడుస్తున్నది. ఇంజనీరింగు చదవడానికి తాము ఊరు విడిచి పూనా పోవలసివచ్చింది. పూనాలో నెగ్గిన 34 ఏళ్ళకు, తరువాతివారు పోనవసరం లేకుండా సొంత సీమలోనే కాలేజీ నిలబెట్టారు. యువకులకు వేతనాలిచ్చి పై దేశాలకు పంపి పనితనం నేర్పించారు.

ఆఫీసులను కూడా వదలలేదు. జమాఖర్చులను తనిఖీ చేసినట్లే పనిని కూడా తనిఖీ చేసే పద్ధతిని ప్రవేశపెట్టారు. దానికి ఎఫిషియెన్సీ ఆడిట్ అని పేరు. రూపాయి లెక్క తప్పితే పట్టుకొనేవారు ప్రతి ఆఫీసులోను ఉంటారు. ఒక కాగితం బల్ల మీద ఎన్ని రోజులు పడి ఉన్నదో, ఆ కాగితం వెనుక ఉన్న రైతు ఎన్నిసార్లు తిరిగి పోయాడో లెక్క పెట్టేవారు ఉండరు. ఆ లెక్క కూడా లెక్కేనని వారి మతం. గుమాస్తాలము మాకు ఇది మొదట భయంగానే తోస్తుంది. కాని ఆలోచించగా, పని సరిగా చేసేవానికి ఈ తనిఖీయే రక్ష. పని కొలవని చోట పొగడ్తకు, పరిచయానికి విలువ హెచ్చుతుంది.

ఇంతవరకు వ్రాసి ముగిస్తే చరిత్ర సగమే అవుతుంది. మిగిలిన సగం కొంచెం చేదు.

విశ్వేశ్వరయ్య గారు దివానుగా ఉండగా మైసూరు కొలువులలో పై పదవులు చాలవరకు బ్రాహ్మణుల చేతిలో ఉండేవి. చదువు ముందుగా అందుకొన్నవారు కొలువు ముందుగా అందుకొన్నారు. మిగిలిన కులాలవారు, ముసల్మానులు తమకు తగిన పాలు కావాలని అడగసాగారు. 1917లో ప్రజామిత్ర మండలి అనే సంఘం ఏర్పడి ఈ కోరికను మహారాజుకు విన్నవించింది. 1918లో మహారాజు ప్రధాన న్యాయమూర్తి మిల్లరు దొర అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. కొలువుకు పనితనమే ప్రమాణంగా ఉండాలని, వెనుకబడిన వారికి బడులు, విద్యార్థి వేతనాలు పెంచి వారిని ఆ ప్రమాణానికి తీసుకురావలెనని విశ్వేశ్వరయ్య గారి పట్టుదల. ఆ ఉద్దేశంతో వారి ప్రభుత్వం వేతనాలు యిచ్చింది, బడులు పెంచింది కూడా. అయితే చదువుకొని పైకి వచ్చేదాకా ఆగండి అంటే ఎన్ని తరాలు ఆగాలి అన్నది అడిగేవారి ప్రశ్న. రెండు మాటలు కలవలేదు. ఆ ఏడే వారు దివాను పదవికి రాజీనామా చేశారు.

మిల్లరు కమిటీ 1919లో నివేదిక యిచ్చింది. ఏడేళ్ళలోగా పై కొలువులలో సగానికి, కింది కొలువులలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఇతర కులాలవారికి దక్కాలని చెప్పింది. 1921లో మైసూరు ప్రభుత్వం ఆ విధానాన్ని అమలులో పెట్టింది. సంస్థానం కూలిపోలేదు, కొత్తగా వచ్చినవారూ పని నేర్చుకొన్నారు.

ఈ ఘట్టంలో ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని తీర్పు చెప్పడానికి మేము చాలము. మన సంఘంలోనే ఈ విషయంలో రెండు అభిప్రాయాలు ఉన్నవి. రెండు అభిప్రాయాలవారూ ఈ సంచికను చదువుతారు. మాకు తోచిన సంగతి ఒక్కటి మాత్రం చెబుతాము. బొంబాయిలో చివరి మెట్టు మూసివుండడం వారు స్వయంగా అనుభవించారు. మైసూరులో కొందరికి మొదటి మెట్టే అందడం లేదు. చివరి మెట్టు మూసివుంటే సమర్థుడు వెళ్ళిపోతాడు, అందరికీ కనబడుతుంది. మొదటి మెట్టు మూసివుంటే సమర్థుడు ఎవరో ఎవరికీ తెలియనే తెలియదు. అందువల్ల ఆ రెండవ నష్టం ఏ తనిఖీలోను పట్టుబడదు. పనితనమే ప్రమాణం కావాలన్న వారి మాట నిజమే. ఆ పనితనం పెంచుకొనే అవకాశం అందరికీ అందిన నాడే ఆ మాట పూర్తిగా నిజమవుతుంది. వారు కట్టిన బడులు, కాలేజీలు కూడా చివరకు చెబుతున్నది అదే.

పదవి పోయినా పని పోలేదు. వారి కాలంలోనే తలపెట్టిన భద్రావతి ఇనుప కర్మాగారం 1923లో ఉత్పత్తి ప్రారంభించింది గాని నష్టాలలో కూరుకొన్నది. మూసివేద్దామన్న మాట కూడా వచ్చింది. విశ్వేశ్వరయ్య గారు దాని అధ్యక్షత వహించి 1929 వరకు నడిపారు. స్థానికులకు పని నేర్పి, ఆ పనులలోనే నిలబెట్టారు. కర్మాగారం దారికి వచ్చేదాకా జీతం తీసికోలేదు. చివరికి తమకు రావలసిన ఆ సొమ్మును యువకులకు వృత్తి పనులు నేర్పే ఒక సంస్థ పెట్టడానికి వినియోగించమన్నారు. బెంగుళూరులో 1943లో వెలసిన జయచామరాజేంద్ర వృత్తి విద్యాలయానికి మూలం అదే. దానికి తమ పేరు పెట్టనీయలేదు. మహారాజు పేరు పెట్టించారు.

ఇంకొక విశేషం. తమకు పై పదవి యివ్వలేని బొంబాయి ప్రభుత్వమే 1921లో, యువకులకు పారిశ్రామిక విద్య ఎట్లా నేర్పాలో సలహా చెప్పే కమిటీకి వారిని అధ్యక్షులుగా పిలిచింది. వారు వెనుకటి సంగతులు మనసులో పెట్టుకోక వెళ్ళి పని చేశారు. మహానది వరదలతో ఒరిస్సా బాధపడినప్పుడు 1937లో వారిని అడిగారు. నది మీద జలాశయాలు కట్టాలని చెప్పారు. తరువాత హిరాకుడ్ ఆనకట్టకు దారి తీసిన ఆలోచనలలో అది ఒకటి. తొంభై ఏళ్ళు దాటిన తరువాత గంగ మీద రైలు, రోడ్డు వంతెన ఎక్కడ కట్టాలో తేల్చడానికి బీహారు వెళ్ళి నదీ తీరం చూచి వచ్చారు. మొకామా వద్ద ఆ వంతెన 1959లో తెరిచారు. మన రైళ్ళు ఆ వంతెన మీద నడిచాయి.

1951లో తమ ఉద్యోగ జీవితపు జ్ఞాపకాలను ఇంగ్లీషులో గ్రంథంగా వెలువరించారు. అందులో సొంత సుఖదుఃఖాలు తక్కువ, పని ఎక్కువ. 1955లో భారతరత్న బిరుదు వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు నిండిన జీవితం గడిపి, బెంగుళూరులో కన్నుమూశారు. ముద్దేనహళ్ళిలో వారి సమాధి ఉన్నది. పుట్టిన యిల్లు ప్రదర్శనశాలగా ఉన్నది. సెలవులలో పిల్లలను తీసుకొని వెళ్ళి చూపదగిన చోటు.

వారి వంటి తెలివి అందరికీ ఉండదు. మనలో ఎవరూ కృష్ణరాజసాగరం కట్టబోము. అయినా వారి ఉద్యోగ చరిత్రలో మన చేతికి అందే సంగతులు కొన్ని ఉన్నవి. చేరిన చోటి భాషను పరీక్ష కోసమే కాక పని కోసం నేర్చుకోవచ్చు. డిపార్టుమెంటు పరీక్షకు నోటీసు వచ్చినప్పుడు ఎవరికి వారు దాచుకొని చదవక, నలుగురు కలిసి చదవవచ్చు. పై మెట్టు ఎక్కినవారు కిందివారికి పని దాచకుండా నేర్పవచ్చు. ఒక పని మనకు ఒక్కరికే తెలిసి ఉంటే మన కుర్చీ భద్రమని మనలో కొందరి నమ్మకం. అది భద్రత కాదు. మనము సెలవు పెట్టిన నాడు కౌంటరు ముందు నిలబడిన ముసలమ్మకు అది శిక్ష.

మన సంఘ గ్రంథాలయపు గది సాయంకాలాలు ఖాళీగానే ఉంటున్నది. ఈ సంవత్సరం నుండి వారానికి రెండు సాయంకాలాలు అక్కడ ఉద్యోగ పరీక్షలకు, స్థానిక భాషకు పాఠాలు పెడితే బాగుంటుందని మా మనవి. చెప్పడానికి మనలో రిటైరైన పెద్దలు ఉన్నారు. వినడానికి పిల్లలు ఉన్నారు. మన సభ్యుల పిల్లలకే అని గిరి గీయకుండా, ఆ వీధిలో చదువుకోదలచిన పిల్లలందరినీ కూర్చోనిద్దాము. మొదటి మెట్టు అందనివారు ఏ యింటనో ఎవరికి తెలుసు? లెక్కలు, దరఖాస్తులు వ్రాసే పద్ధతి చెప్పే వంతు మేము తీసికొంటాము.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.